పాట్రిక్ రస్సెల్ వైద్యుని చరిత్రము

ఈశాన్య ఋతుపవనపు వానలు వెలిసి, మన తోటపల్లి గూడూరు పరిసరములలో వరిచేల గట్లు చెక్కు దినములలో, చెమ్మమట్టి నుండి జానెడైనను పొడవులేని సన్నని నల్లని జీవి యొకటి మెలికలు తిరుగుచు బయటపడుట మీలో పలువురు చూచియుందురు. అరటిపాదులు త్రవ్వునపుడును, పూలకుండలు కదలించునపుడును గూడ అది కనబడుచుండును. దానికి కాళ్లు లేవు. కన్నులున్నట్లే తోచదు. తల యేదో తోక యేదో వెంటనే చెప్పుట కష్టము. చిన్నవారు దానిని వానపామని చేతబట్టి ఆడుకొనబోవుదురు. పెద్దవారు రెండుతలల పామని కేకవేసి పారతో రెండు తునుకలు చేయుదురు. అది నిజముగా ఏమి జీవియో, దానివలన మనకు కీడు కలదో లేదో విచారించువారు మాత్రము అరుదు.

వాస్తవమున ఇట్టి రూపముగల నేలజీవులు మూడు విధములవి కలవు. మొదటిది వానపాము. దీనికి వెన్నెముక లేదు, దవడలు లేవు, దేహమంతయు మెత్తని కండయే. రెండవది గుడ్డిపాము. ఇది నిజముగా పామే. దీని దేహము నునుపైన పొలుసులతో కప్పబడియుండును. కన్నులు తలమీది పొలుసుల క్రింద రెండు నల్లని చుక్కలవలె కనబడును. మూడవది కప్పల వర్గమునకు చేరిన వింతజీవి. దీనిని శాస్త్రజ్ఞులు సిసీలియన్ అందురు. దీనికిని కాళ్లు లేవు. చర్మము పాము చర్మమువలె పొడిగా నుండక, కప్ప చర్మమువలె తడిసి జిగటగా నుండును. దేహముచుట్టును ఉంగరములు తొడిగినట్లు మడతలుండును. కంటికిని ముక్కుకును నడుమ చిన్న స్పర్శాంగ ముండును. చీకటిలో దానితోనే ఈ జీవి దారి వెదకికొనును. సిసీలియన్లు వేడియు తేమయు గల దేశములలో మాత్రమే నివసించును. మన దేశమున ముఖ్యముగా పడమటి కనుమలలోను, ఈశాన్య రాష్ట్రములలోను కనబడును. మన నెల్లూరు తీరపు మాగాణులలో సామాన్యముగా బయటపడునవి వానపాములును గుడ్డిపాములును మాత్రమే.

వానపాము, గుడ్డిపాము, సిసీలియన్ — ఈ మూడింటిలో నేదియు మనకు ప్రాణహాని చేయునది కాదు. అయినను భయమువలన ఎన్నియో చచ్చుచున్నవి. మఱియొక ప్రక్క, నిజముగా విషముగల పాములను గుర్తింపలేక మనుష్యులును చచ్చుచున్నారు. ఈ రెండు చావులకును మూలమొక్కటే: ఎఱుకలేమి. ఆ యెఱుకలేమిని తొలగింపవలెనని మన తెలుగుతీరమున కూర్చుండి, తెలుగువారు పెట్టిన పేర్లనే ఆధారముగా గైకొని, పాములనుగూర్చి మొదటి గొప్ప శాస్త్రగ్రంథమును సిద్ధపఱచిన మహనీయుడు పాట్రిక్ రస్సెల్ అను స్కాట్లండు దేశపు వైద్యుడు. ఆయన జీవితము విద్యార్థు లెల్లరు తెలిసికొనదగినది.

రస్సెల్ 1727వ సంవత్సరమున స్కాట్లండునకు ముఖ్యపట్టణమైన ఎడింబరోలో జన్మించెను. తండ్రి న్యాయవాది. వారిది పెద్ద కుటుంబము. అన్నదమ్ములలో పలువురు దూరదేశములకు పోయి పేరుగాంచినవారే. వారిలో సవతితల్లి కుమారుడైన అలెగ్జాండరు రస్సెల్ వైద్యవిద్య నభ్యసించి, తురుష్క సామ్రాజ్యమునకు లోబడియున్న సిరియా దేశమందలి అలెప్పో నగరమునకు పోయి, అచ్చటి ఆంగ్ల వర్తకసంఘమునకు వైద్యుడుగా నుండెను. పాట్రిక్ అన్నగారి మార్గమునే అనుసరించి, ఎడింబరో విశ్వవిద్యాలయమున వైద్యపట్టమును పొంది, 1750లో ఆ నగరమునకే చేరెను. 1753లో అన్న స్వదేశమునకు మరలగా, ఆ యుద్యోగము తమ్మునికి లభించెను.

అలెప్పోలో ఆయన దాదాపు ఇరువదియేండ్లు నివసించెను. ఆ దేశభాషను నేర్చెను. ధనికుల యిండ్లకును బీదల యిండ్లకును పోయి వైద్యము చేసెను. ఆ నగరాధికారియైన పాషా ఆయనయందు గౌరవముంచి, తలపాగా ధరించు హక్కును ప్రసాదించెను. అన్యదేశీయులకు అట్టి మర్యాద లభించుట ఆ కాలమున సామాన్యము కాదు.

ఆ దినములలో జరిగిన యొక సంగతి ఆయన స్వభావమును చక్కగా తెలుపును. ఒకనాడు ఒక గొప్పవారి అంతఃపురమునకు ఆయన వైద్యార్థమై పోయెను. ఆ యింటి యిల్లాలు తన యేకపుత్రునికి మశూచికము సోకునేమోయని దిగులుపడుచుండెను. రస్సెల్ మశూచికపు టీకానుగూర్చి చెప్పబోగా, అచ్చటనే పరిచర్య చేయుచున్న యొక ముసలి అరబ్బు స్త్రీ, ఆ పద్ధతి తమ ఎడారి జనులకు చిరకాలమునుండి తెలిసినదేయనియు, తానును సూదితో పలువురు బిడ్డలకు వేసితిననియు తెలిపెను. ఆ జనులు దానిని మశూచిని కొనుట అందురు. బిడ్డ ఎండుద్రాక్షలో ఖర్జూరములో వెలగా ఇచ్చి, వ్యాధి సోకిన మఱియొక బిడ్డనుండి దానిని కొనితెచ్చుకొన్నట్లు భావింతురు. మఱియొక వైద్యుడైనచో చదువురాని దాసి మాటయని నవ్వి విడిచియుండును. రస్సెల్ అట్లు చేయలేదు. దేశమంతట విచారించి, ఆమె చెప్పినది నిజమని కనుగొని, ఆ వృత్తాంతమును లండనునకు వ్రాసి పంపెను. అది 1768లో రాయల్ సొసైటీవారి పత్రికలో ప్రకటింపబడెను. సామాన్యుల నోటినుండి వచ్చిన మాటను తోసివేయకుండుటయు, పరీక్షింపక నమ్మకుండుటయు — ఈ రెండు గుణములును ఆయనయందు జీవితాంతము నిలిచియుండెను.

1760 మొదలు 1762 వరకు అలెప్పోలో ప్లేగు భయంకరముగా చెలరేగెను. రస్సెల్ నగరమును విడువక అచ్చటనే నిలిచి, రోగలక్షణములను దినదినము వ్రాసి యుంచుచు, రోగులకు చికిత్స చేయుచుండెను. ప్లేగును కలిగించు సూక్ష్మజీవి 1894వ సంవత్సరమున గాని కనుగొనబడలేదు. కావున ఆయనకు ఆ వ్యాధి కారణమెట్టిదో తెలియు మార్గము లేకుండెను. అయినను రోగులను వేఱుగా నుంచుట, ఓడలను కొంతకాలము రేవున నిలిపియుంచుట మొదలగు విషయములపై ఆయన వ్రాసి యుంచిన సంగతులు పెద్ద గ్రంథమై 1791లో వెలువడెను.

1770 దాటిన పిమ్మట ఆయన స్వదేశమునకు తిరిగిపోయి, లండను నగరమున వైద్యవృత్తి నవలంబించెను. 1777లో రాయల్ సొసైటీ సభ్యుడుగా ఎన్నుకొనబడెను. అప్పటికి ఆయనకు ఏబదియేండ్లు. గౌరవము కలిగినది, సుఖముగా జీవించుటకు వృత్తి కలదు, పేరొందిన శాస్త్రజ్ఞుల స్నేహము కలదు. ఇంక దూరప్రయాణములు చేయవలసిన యగత్య మేమియు లేదు. కాని ఆయన సోదరుడైన క్లాడ్ రస్సెల్ ఈస్టిండియా కంపెనీ కొలువున నుండి విశాఖపట్నమున పరిపాలకుడుగా నియమింపబడెను. ఆ కుటుంబమునకు తోడుగా 1781లో పాట్రిక్ రస్సెల్ ఓడ యెక్కెను. ఏబదినాలుగేండ్ల వయస్సున, సోదరుని బిడ్డల క్షేమము చూచుటకై బయలుదేరిన ఆ ప్రయాణమే ఆయనకు శాశ్వతకీర్తిని తెచ్చిపెట్టెను.

విశాఖపట్నము ఆనాడు చిన్న రేవుపట్టణము. ఒక ప్రక్క సముద్రము, ఒక ప్రక్క కొండలు. సముద్రమున ఎన్నడును చూడని చేపలు, కొండలలో ఎన్నడును చూడని చెట్లు. రస్సెల్ ఊరకుండలేకపోయెను. దినదినము జాలరులు తెచ్చు చేపలను పరీక్షించి, దేశీయ చిత్రకారునిచే వానికి చిత్తరువులు వ్రాయించుచుండెను. అప్పటికి కంపెనీవారి కొలువున ప్రకృతిశాస్త్రజ్ఞుడుగా నున్నవాడు జాన్ గెరార్డ్ కోనిగ్. ఈయన సుప్రసిద్ధుడైన లిన్నేయసునకు శిష్యుడు. మొదట తరంగంబాడియందలి డేనిష్ మిషనునకు వైద్యుడుగా వచ్చి, పిమ్మట తూర్పుతీరమంతయు తిరిగి మొక్కలను సేకరించినవాడు. 1785లో కోనిగ్ కాకినాడ చెంత జగన్నాథపురమున మరణింపగా, ఆ స్థానమున రస్సెల్ నియమింపబడెను.

ఈ యుద్యోగమున ఆయన మనస్సును మిక్కిలి కలతపెట్టినది పాముకాటు. పొలమునకు పోయిన రైతు మరల ఇల్లు చేరకుండుట, రాత్రి నేలపై పండుకొన్న బిడ్డ తెల్లవారునప్పటికి లేవకుండుట, చీకటిలో నడచిన సిపాయి మార్గమధ్యమున కూలుట — ఇట్టివి తఱచుగా వినబడుచుండెను. వానికంటె విచారకరమైన సంగతి మఱియొకటి కలదు. కఱచిన పాము విషముగలదియో కాదో ఎవరికిని నిశ్చయముగా తెలియకుండెను. విషములేని పాము కఱచిన వాడు బ్రతికినచో, వాడు మ్రింగిన మందునకో వినిన మంత్రమునకో ఆ ఘనత చెందుచుండెను. విషసర్పము కఱచిన వాడు అదే మందును నమ్మి కాలము పోగొట్టుకొని చచ్చుచుండెను. పాములను వేఱుపఱుపక మందులను పరీక్షించుట నిరర్థకమని రస్సెల్ గ్రహించెను.

అందువలన ఆయన తీరపు గ్రామములనుండి పాములను తెప్పించి, ఒక్కొక్కదాని పొడవును కొలిచి, పొట్టక్రింది పొలుసులను తోకక్రింది పొలుసులను లెక్కించి, నోటియందలి దంతములను పరీక్షించెను. రంగునుబట్టి పామును విషసర్పమని నిర్ణయింపరాదనియు, విషపుకోఱలు కలవో లేవో అన్నదే నమ్మదగిన గుర్తనియు ఆయన నిర్ధారణ చేసెను. పాములు కఱచిన కోళ్లకును కుక్కలకును ఏమి జరుగునో గమనించి వ్రాసెను. ఆ కాలమున పాముకాటునకు దివ్యౌషధమని పేరుగాంచిన తంజావూరు మాత్రను గూడ పరీక్షించెను. దానియందు పాషాణము చేర్చబడియుండెడిది. ఆ మాత్ర పేరుగాంచినంత ఫలము నిచ్చునను నమ్మకము ఆయనకు కలుగలేదు. మూగజంతువులపై చేసిన ఆ పరీక్షలు నేడు మనకు కఠినముగా తోచవచ్చును. మందు దొరకినదని చెప్పుకొని మన్నన పొందవలెనని మాత్రము ఆయన ప్రయత్నింపలేదు. దొరకనిదానిని దొరకలేదనియే చెప్పుట శాస్త్రజ్ఞుని మొదటి ధర్మము.

ఈ పనిలో ఆయన చేసిన యొక మేలు మన తెలుగువారు మఱవరానిది. తనకు దొరకిన పాములకు క్రొత్తపేర్లు కల్పింపక, వానిని తెచ్చినవారు చెప్పిన దేశీయ నామములనే విని, ఆంగ్లలిపిలో వ్రాసి, ఆ చిత్తరువుల చెంత నుంచెను. ఆయన చెవికి వినబడిన తీరుననే వ్రాసెను గావున, నేడు ఆ పేర్లు చదువునపుడు మనకు కొంచెము నవ్వు వచ్చును. వెంటనే ఆశ్చర్యమును కలుగును. మనము పొడపామనియు రక్తపింజరియనియు పిలుచు ఘోరసర్పమునకు ఆయన గ్రంథమందలి పేరు కాటుక రేకుల పొడ. దాని వీపుమీద నల్లని అంచుగల మచ్చలు వరుసలుగా నుండును. వానిని చూచి, కాటుకతో దిద్దిన పూరేకులవంటి పొడలని ఎవరో తెలుగు పల్లెవాసి ఊహించెను. ఆ యూహ విశాఖపట్నమునుండి లండనునకు పోయి గ్రంథస్థమయ్యెను. పసుపుపచ్చని పట్టెలుగల బంగారు పాము పేరు మఱింత దూరము పోయెను. ఆ తెలుగు మాటనుండియే కట్లపాముల జాతికి బంగారస్ అను లాటిన్ నామము 1803లో ఏర్పడి, నేటికిని ప్రపంచమంతట వాడబడుచున్నది.

ఇప్పుడు మనము ఈ వ్యాసారంభమున చూచిన మట్టిలోని చిన్నజీవి యొద్దకు మరలుదము. రస్సెల్ పెద్ద పాములను మాత్రమే యెన్నుకొని చిన్నవానిని విడిచిపెట్టలేదు. ఆయన గ్రంథమందలి 43వ చిత్తరువు ఒక గుడ్డిపాముది. దాని పేరుగా ఆయన వ్రాసినది రెండుతలల పాము అను తెలుగు మాటయే. తోకయు తలయు ఒక్కతీరున మొద్దుగా నుండుటచేత జనులు దానిని అట్లు పిలిచిరి. 1803లో డోడన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆ చిత్తరువు నాధారముగా గైకొని ఆ జీవికి బ్రామినస్ అను శాస్త్రీయ నామమును పెట్టెను. ఆ జాతికి మూలస్థానముగా శాస్త్రగ్రంథములలో నేటికిని విశాఖపట్నమే చెప్పబడుచున్నది.

ఆ చిన్నపామును గూర్చి తరువాతి శాస్త్రజ్ఞులు కనుగొన్న సంగతులు అద్భుతములు. అది చీమల గ్రుడ్లను, చెదల పిల్లలను తిని బ్రతుకును. తోకచివర చిన్న ముల్లువంటి మొన యుండును. దానిని చూచి కుట్టునని జనులు భయపడుదురు గాని అందు విషము లేదు. నోరు మిక్కిలి చిన్నది గావున మనుష్యుని కఱవనైనను లేదు. ఈ జాతిలో ఆడవి మాత్రమే కలవు. మగదానితో పని లేకయే గ్రుడ్లు పెట్టి పిల్లలను పొందును. ఆ కారణముచేత ఒక్క పాము పూలకుండలోని మట్టితో ఓడయెక్కి మఱియొక దేశము చేరినను అచ్చట తన సంతతిని నిలుపుకొనగలదు. ఇట్లు అది ఆఫ్రికాకును, ఆస్ట్రేలియాకును, హవాయి ద్వీపములకును, అమెరికాకును వ్యాపించెను. మనము పారతో నఱకు ఈ దీనజీవి లోకమున మిక్కిలి విస్తారముగా వ్యాపించిన పాములలో నొకటి.

రస్సెల్ కాలమున ఈ గుడ్డిపాములకును సిసీలియన్లకును శాస్త్రమునందైనను చక్కని వేఱుపాటు లేకుండెను. 1758లో లిన్నేయసు తన ప్రసిద్ధగ్రంథమున సర్పములను ఆఱు ప్రజాతులుగా విభజించి, అందులో నొకటిగా సిసీలియాను చేర్చెను. ఆ లాటిన్ పేరునకును గ్రుడ్డిదను భావమే మూలము. కాళ్లులేని ప్రతిజీవియు పామేయని ఆ గొప్ప పండితుడును భావించెను. 1811లో ఓపెల్ అను జర్మను శాస్త్రజ్ఞుడు సిసీలియన్లను పాములనుండి తీసి కప్పల వర్గమున చేర్చెను. 1831లో జోహన్నెస్ ముల్లర్ ఒక సిసీలియను పిల్లకు మొప్పల రంధ్రములను కనుగొని, అది నిజముగా కప్పకు చుట్టమేయని స్థిరపఱచెను. పండితులకే ఇంత కాలము పట్టగా, పొలమున పనిచేయు రైతు ఈ జీవులను పామని భ్రమించుటలో వింత యేమున్నది?

1789లో రస్సెల్ మదరాసునుండి స్వదేశమునకు బయలుదేరెను. తాను సేకరించిన వస్తువులలో కొంతభాగమును మదరాసులోని కంపెనీవారి సంగ్రహమునకు అప్పగించెను. లండను చేరునప్పటికి ఆయనకు అఱువది రెండేండ్లు. తక్కినవారు విశ్రాంతి తీసికొను ఆ వయస్సున ఆయన గ్రంథరచనకు కూర్చుండెను. మొదట ప్లేగునుగూర్చిన గ్రంథము 1791లో వెలువడెను. పిమ్మట అన్నగారు వ్రాసిన అలెప్పో చరిత్రమును పెంపుచేసి 1794లో ప్రకటించెను. విలియం రాక్స్‌బరో తెలుగుతీరపు మొక్కలనుగూర్చి వ్రాసిన మహాగ్రంథము 1795లో ప్రకటనకు మొదలిడగా, దానికి పీఠిక వ్రాసి తోడ్పడెను. 1796లో కోరమండల తీరపు పాములనుగూర్చిన ఆయన గ్రంథము మొదటి సంపుటము కంపెనీవారి వ్యయముతో ముద్రింపబడెను. అందు 43 విధముల పాములు రంగుల చిత్తరువులతో వర్ణింపబడినవి. వానిలో అధికభాగము విషములేనివే. ఆ సంగతిని జనులకు తెలుపుటయే ఆ గ్రంథమువలన కలిగిన గొప్ప ప్రయోజనములలో నొకటి.

1803లో విశాఖపట్నపు చేపలనుగూర్చిన గ్రంథము రెండు సంపుటములుగా వెలువడెను. అందు రెండువందల చేపల చిత్తరువులున్నవి. ఆ చేపలలో పలువాని ప్రక్కను తెలుగు పేర్లే కలవు. ముట్టినవాని చేయి మొద్దుబారునట్లు విద్యుత్తును ప్రసరింపజేయు టేకిజాతి చేపకు తిమిరి యని పేరుండుట చూచినచో, మన జాలరుల పరిశీలన ఎంత సూక్ష్మమో తెలియును. ఆ చిత్తరువులను వ్రాసిన దేశీయుని పేరు గాని, ఆ పేర్లను చెప్పిన బెస్తల పేర్లు గాని లోకమునకు తెలియవు. వారి మాట మాత్రము నిలిచినది. మన కోడూరు తీరమున వలలాగు వారి నోట నేటికిని అట్టి మాటలెన్నియో జీవించియున్నవి. వానిని వ్రాసియుంచువారు మనలో నెందఱు కలరు?

పాముల గ్రంథమునకు రెండవ సంపుటము 1801 మొదలు భాగములుగా వెలువడసాగెను. అందు సముద్రసర్పములును చేర్చబడినవి. కాని ఆ పని ముగియుట చూచు భాగ్యము రస్సెలునకు కలుగలేదు. 1805 జూలై 2వ తేదీన, మూడుదినముల జబ్బుతో, డెబ్బదియెనిమిది యేండ్ల వయస్సున లండనులో మరణించెను. ఆయన వివాహము చేసికొనలేదు. మిగిలిన భాగములు ఆయన మరణానంతరము ప్రకటింపబడినవి.

ఆయన పేరు మాత్రము ఒక విచిత్రమైన తీరున చిరస్థాయియైనది. ఆయన జీవించియుండగనే, 1797లో, కాటుక రేకుల పొడకు ఆంగ్ల శాస్త్రజ్ఞులు ఆయన పేరు పెట్టిరి. నేడు ఆ పామును లోకమంతయు రస్సెల్ పొడపామని పిలుచుచున్నది. మన దేశమున మనుష్యుల ప్రాణములను అధికముగా తీయు సర్పములలో అది ముఖ్యమైనది. ప్రాణరక్షణకై పాటుపడిన వైద్యునికి ప్రాణహంతకమైన పాముతో పేరు కలియుట కొందఱికి అనుచితముగా తోచును. కాని శత్రువును ముందుగా గుర్తుపట్టి చూపినవానికి అదియే తగిన బిరుదము.

పాము విషమునకు విరుగుడు రస్సెలునకు దొరకలేదు. ఆయన గతించిన తొంబదియేండ్లకు, 1895 ప్రాంతమున, ఫ్రెంచి వైద్యుడు కాల్మెట్ గుఱ్ఱముల నెత్తుటినుండి ప్రతివిషమును తయారుచేయు విధమును కనిపెట్టెను. నేడు మన ఆసుపత్రులలో ఇచ్చు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపొడపాము అను నాలుగింటి విషమును హరించునట్లు సిద్ధము చేయబడుచున్నది. ఈ నాలుగును రస్సెల్ గ్రంథమున చేరినవే. ఏ పాములు ప్రాణాంతకములో స్పష్టముగా తెలిసిన పిమ్మట గాని వాని విషమునకు మందు చేయుట సాధ్యము కాదు. ఆయన వేసిన పునాదిపై ఇతరులు ఇల్లు కట్టిరి.

అయినను పని ముగియలేదు. 2020లో ప్రకటింపబడిన యొక పరిశోధన ప్రకారము, 2000 మొదలు 2019 వరకు మన దేశమున పాముకాటువలన ఏటేట సగటున 58,000 మంది మరణించిరి. వారిలో అధికసంఖ్యాకులు గ్రామవాసులు. ఎక్కువ మరణములు సంభవించిన రాష్ట్రములలో మన ఆంధ్రప్రదేశమును చేరియున్నది. మందు కలిగియుండియు ఇందఱు చచ్చుటకు కారణములలో ముఖ్యమైనది కాలయాపన. కావున విద్యార్థులారా, ఈ మాట మీ యిండ్లలో చెప్పుడు. పాము కఱచినచో గాయమును కోయరాదు, నోటితో పీల్చరాదు, త్రాడుతో బిగించి కట్టరాదు. కఱవబడిన అవయవమును కదలింపక, ఆలస్యము చేయక ఆసుపత్రికి తీసికొనిపోవలెను. పామును పట్టుకొనుటకో చంపుటకో కాలము పోగొట్టరాదు. రస్సెల్ దంతములను పరీక్షించెనని మీరును పాము నోరు చూడబోరాదు. ఆ పని నేర్పు గలవారిది.

ఎఱుకలేమివలన జీవులు చచ్చుటయు ఇంకను ఆగలేదు. 2012లో ఢిల్లీ విశ్వవిద్యాలయమున పనిచేయు శాస్త్రజ్ఞుడు ఎస్. డి. బిజు మొదలగువారు ఈశాన్య భారతమున సిసీలియన్లలో చికిలిడే అను క్రొత్త కుటుంబమును కనుగొనిరి. తల్లి తన గ్రుడ్లను దేహముతో చుట్టుకొని, పిల్లలు వెలువడువఱకు కాపాడును. అచ్చటి రైతులు ఆ నిరపాయ జీవిని విషసర్పమని నమ్మి, కనబడినంతనే చంపుచుండిరి. మఱుచటి సంవత్సరమే, అనగా 2013లో, ఒడిశా రాష్ట్రమందలి తూర్పు కనుమల ఎత్తైన కొండలలో మఱియొక క్రొత్త సిసీలియన్ వర్ణింపబడెను. రస్సెల్ ఏండ్లతరబడి నివసించిన విశాఖపట్నమునకు ఉత్తరముగా సాగిన ఆ కనుమలయందే, ఆయన గతించిన రెండువందల యేండ్లకు పైబడి, ఆ జీవి పేరులేక మట్టిలో దాగియుండెను. మన కాళ్లక్రింది నేలలో ఇంక నెన్ని యున్నవో!

రస్సెల్ మహాసేనలను నడపలేదు, రాజ్యములను గెలువలేదు. ఆయన యాయుధములు రెండే: చూచు కన్ను, వినునట్టి చెవి. ఎడారి దాసి మాటను విన్నాడు, విశాఖ జాలరి మాటను విన్నాడు. విన్నదానిని కంటితో చూచి నిర్ధారణ చేసికొన్నాడు. ఈ రెండు ఆయుధములును మీ అందఱికిని కలవు. రేపు మీ యింటి పెరటిలో మట్టి త్రవ్వునపుడు ఆ సన్నని నల్లని జీవి బయటపడినచో, చేయి చాపకుడు, పార యెత్తకుడు. కొంచెము దూరమున నిలిచి చూడుడు. ఉంగరముల మెత్తని దేహమా, నిగనిగలాడు పొలుసులా? నాలుక బయటికి చాచుచున్నదా? మీ తాతగారిని దాని పేరేమో అడుగుడు. పొలమున పనిచేయు యానాది పెద్దను అడుగుడు. వారు చెప్పినది మీ పుస్తకమున వ్రాసికొనుడు. ఆ లోపల అది మట్టిలోనికి దూరి, తన దారిని తాను పోవును. దానిని పోనిండు.